రావలసినవాళ్ళ హోటల్

పొద్దున్నే లాండ్రీ తలుపు తీశాక మడతాయన మొదట చేసే పని ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేయడం. అవి ఎర్రబడేలోపు పెద్ద అలమర తెరిచి, హోటల్ దుప్పట్ల దొంతరలో చెయ్యి దూర్చి పైనుంచి కిందదాకా తడిమి చూస్తాడు. నిన్న సాయంత్రం తనే అంచుకు అంచు కలిపి మడిచి పేర్చిన తెల్ల దుప్పట్లు. తెల్లారేసరికి వాటిలో కొన్ని నలిగిపోయి ఉంటాయి. ఒంటివేడి కూడా ఆరి ఉండదు. వాటిని ఒక్కొక్కటే లాగి పెరటి గుమ్మం దగ్గర గంపలో పడేస్తాడు. వాళ్ళావిడ ఆ గంప చంకనెత్తుకుని నీళ్ళతొట్టి దగ్గరకు పోతుంది. గంజి పెట్టడంలో ఆవిడ చెయ్యి అలాంటిలాంటి చెయ్యి కాదు, అందుకే వీధి వీధంతా ఆవిణ్ణి గంజక్క అంటుంది. ఈయన్ని మడతాయన అని ఎందుకంటారో వేరే చెప్పక్కర్లేదు.

అలమరలో ఉన్న దుప్పట్లు ఎలా నలుగుతాయి, వాటి మీద ఎవరు పడుకుంటారు అని అడిగితే ఆ వీధిలో బుడ్డోళ్ళు కూడా చెబుతారు, హోటల్లో దిగినవాళ్ళు అని.

హోటల్ అంటే ఏదో అనుకునేరు. వీధి చివర పైకప్పు పడకుండా ఆగిపోయిన సిమెంటు మొండెం అది. గోడలు సగమే లేచాయి. కిటికీలకు చెక్కల్లేవు, గదులకు వాకిళ్ళే తప్ప తలుపుల్లేవు. లిఫ్టు రావలసిన గుంటలో పావురాలు కాపురం పెట్టాయి. వెనకాల ఈతకొలనని తవ్విన గోతిలో వాననీళ్ళు నిలిచి పాచిపట్టాయి. పై అంతస్తు స్తంభాల్లోంచి తుప్పుపట్టిన చువ్వలు ఆకాశంలోకి పొడుచుకుని ఉంటాయి. వానాకాలం ఆ తుప్పు గోడల మీదుగా ఎర్రగా కారుతుంది.

ఎందుకాగిపోయిందంటే ఎన్ని నోళ్ళో అన్ని కథలు. ఇంజినీరు ఒకే అంతస్తును రెండుసార్లు గీశాడని, ఎంత కట్టినా ఆ అంతస్తుకే వస్తుంటే విసుగొచ్చి వదిలేశారని బేకరీ ఆయన చెబుతాడు. యజమానికి ఒక కలొచ్చిందట, ఆ కలలో మెట్లెక్కుతూ ఎక్కుతూ ముసలాడైపోయాడట, లేచి ఊరొదిలి పారిపోయాడట, ఇది దర్జీ అమ్మాయి కథ. డబ్బులైపోయి ఉంటాయిలే అని ఎవరైనా అంటే మాత్రం అందరూ వాణ్ణి తీసిపారేస్తారు. అంత పెద్ద బిల్డింగుకి అంత చిన్న కారణమా?

మంచం రాలేదు, కుర్చీ రాలేదు, వంటగదిలో పొయ్యి కూడా పెట్టలేదు. దుప్పట్లు మాత్రం లారీలో ముందే దిగాయి. తెరిచేదాకా ఉతికి సిద్ధంగా ఉంచమని తెచ్చి ఈ లాండ్రీలో పడేశారు. పని ఆగిపోయింది, దుప్పట్లు ఉండిపోయాయి. ఆ తర్వాత ఒక పొద్దున అవి నలిగి కనిపించాయి. హోటల్ అన్నాక ఎవరో ఒకరు దిగరా మరి. ఎప్పుడో ఎవరింటికో రావలసి ఉండి రాలేకపోయినవాళ్ళందరికీ అక్కడ గది దొరుకుతుందని నాలుగు రోజుల్లో వీధికంతా తెలిసిపోయింది. ఎవరి దుప్పటి వాళ్ళదే, ఏనాడూ మారదు. ఉప్పునీళ్ళ వాసనొచ్చే దుప్పటి దర్జీ అమ్మాయిని చేసుకోవలసినవాడిది. వాడెక్కిన పడవ ఒడ్డుకు చేరలేదు. ఆవిడ అప్పుడప్పుడూ లాండ్రీకొచ్చి, గుండీలు కుట్టాల్సినవేమైనా ఉన్నాయా అక్కా అని అడిగి, ఆ దుప్పటి ఒకసారి చేత్తో నిమిరి పోతుంది. మొగుడికీ తెలుసు. ఏమీ అనడు.

మరి పిలుచుకోవచ్చు కదా అంటారేమో. పిలవొచ్చు. ఎలాగో కూడా తెలుసు. లాండ్రీలో ప్రతి ఇంటి బట్టలకీ మూల మీద చెరగని నల్లసిరాతో ఒక గుర్తు పెడతారు. బేకరీవాళ్ళది సున్నాలో చుక్క. దర్జీ వాళ్ళది రెండు చుక్కలు. హోటల్‌ది మెట్టు గుర్తు, నిలువు గీతకి అడ్డగీత. గుర్తు ఏ ఇంటిదైతే బట్ట ఆ ఇంటికే పోతుంది. ఒకసారి గంజక్క పరధ్యానంలో హోటల్ దుప్పటి మీద బేకరీ గుర్తు వేసింది. మర్నాడు పొద్దున బేకరీ ఆయన పెదనాన్న, ఎప్పుడో ముప్పయ్యేళ్ళ కిందట ఒక పెళ్ళికి రావలసి ఉండి రానాయన, కౌంటరు దగ్గర కూర్చుని మంచినీళ్ళడిగాడు. చచ్చిపోయేదాకా వాళ్ళింట్లోనే ఉన్నాడు. ఇంకోసారి రిటైరైన పోస్టుమాస్టరు రగ్గు మీద పొరపాటున మెట్టు గుర్తు పడింది. తెల్లారేసరికి ఆయన మంచం ఖాళీ, అలమరలో కొత్తగా ఒక దుప్పటి నలిగింది. పొడుం వాసన ఇప్పటికీ వస్తుంది దాన్నుంచి.

అప్పట్నుంచీ గుర్తుల దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నారు. రానివాళ్ళ చోటు ఏనాడో ఎవరో ఒకరు నింపేశారు, ఇప్పుడొస్తే ఎక్కడ కూర్చోబెడతాం, వాళ్ళ దారిన వాళ్ళుండనీ అని వీధిలో పెద్దలు అనుకున్నారు. ఎవరూ కాదనలేదు.

ఇక మడతాయన ఇంటి సంగతి. దొంతరలో అడుగునుంచి రెండో దుప్పటి వాళ్ళదే.

దుప్పట్లు దిగిన కొత్తల్లో గంజక్క ఆరోనెల కడుపుతో ఉంది. మనం ఉతికినవి ఏ గదుల్లో పరుస్తారో చూసొస్తానని హోటల్ మెట్లెక్కింది. మెట్లకు పక్కన పట్టుకోవడానికేమీ లేదు. మూడో అంతస్తు వెనకగదికి ఎక్కే మెట్టు దగ్గర కాలు జారింది. ఆవిడ బతికింది. మళ్ళీ కడుపు పండలేదు. సరిగ్గా నెలలు నిండాల్సిన రోజున అలమరలో ఆ దుప్పటి మధ్యలో అరచేతంత చోట వెచ్చగా నలిగింది. పాలవాసన వేసింది.

ఆ రోజు మడతాయన దాన్ని గంపలో వేసి ఏమీ అనలేదు. గంజక్క ఉతికి ఆరేసి ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆ దుప్పటి రోజూ తడిసి ఉండేది. కొన్నేళ్ళకు తడవడం మానింది. మట్టి మరకలొచ్చాయి, తర్వాత రంగులు, తర్వాత సిరా. ఎవరు చదువు చెబుతున్నారో ఏమో, పోస్టుమాస్టరేనేమో. ఒక పొద్దున రక్తం మరక కనిపించింది. గంజక్క దాన్ని చన్నీళ్ళలో తనొక్కతే కూర్చుని నెమ్మదిగా ఉతికింది, ఆ పూట ఇంకే బట్టా ముట్టుకోలేదు. సాయంత్రం ఇస్త్రీ చేస్తుంటే మూల మీద లేత గోధుమరంగు నీడ మిగిలి కనిపించింది మడతాయనకి. పెట్టె పక్కన పెట్టి కాసేపు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆయనకి తెలుసని ఆవిడకి తెలుసు, ఆవిడకి తెలుసని ఆయనకి తెలుసు. అయినా ఒక్కనాడూ నోరు విప్పి అనుకున్న పాపాన పోలేదు. ఏం మనుషులో!

పోనీ ఆ పిల్లనైనా పిలుచుకోవచ్చుగా, వీళ్ళింట్లో ఆ చోటు ఎవరూ నింపలేదుగా? అక్కడే ఉంది తిరకాసు. ఊరందరి ఇళ్ళకీ గుర్తులు పెట్టే ఆ లాండ్రీ ఇంటికి గుర్తు లేదు. మన బట్టలకి గుర్తెందుకు, మనవి మనకి తెలీవా అని మొదట్నుంచీ పెట్టుకోలేదు. ఉతికేవాళ్ళెవరూ పెట్టుకోరు.

ఇలా గడిచిపోతుండగా ఒకరోజు మైకు పెట్టుకున్న బండి వీధిలోకొచ్చింది. హోటల్ కూల్చేస్తున్నారట. వచ్చే శుక్రవారం పొద్దున మందు పెట్టి పేల్చేస్తారట, అటువైపు ఎవరూ పోకూడదట. బండి రెండుసార్లు తిరిగి వెళ్ళిపోయింది. మడతాయన చేతిలో చొక్కా కాలర్ మాడింది. ఇస్త్రీ మొదలుపెట్టాక ఆయన మాడ్చిన మొదటి చొక్కా అది.

"మాడింది," అంది గంజక్క గుమ్మంలోంచి.

"చూశాను."

"హోటల్ కూలిస్తే లోపలున్నవాళ్ళు ఏమవుతారంటావు?"

ఆయన మసిబారిన కాలర్‌ని గోటితో గీకుతూ ఉండిపోయాడు. "నాకేం తెలుసే. ఎక్కడికో పోతారు," అన్నాడు చివరికి. ఇంకో మాట కలపాలనే అనుకున్నాడు. మాడిన చొక్కా మడిచి పక్కన పెట్టాడు. ఆవిడ కాసేపు చూసి లోపలికి పోయింది.

ఆ వారమంతా లాండ్రీ తిరనాళ్ళలా ఉంది. వాళ్ళ దారిన వాళ్ళుండనీ అన్న పెద్దలే ముందొచ్చారు. ఏదో అప్పుడన్నాంలే అక్కా, ఇప్పుడు నెత్తిన గోడ పడుతుంటే చూస్తూ ఊరుకుంటామా, మావాడి దుప్పటికి మా గుర్తు వేసెయ్యి అని ఒకరి వెనక ఒకరు. గంజక్క సిరాబుడ్డి మూత పెట్టే సందే లేకపోయింది. వేళ్ళన్నీ నల్లబడ్డాయి. తెల్లారితే ఏదో ఒక ఇంట్లో కొత్త మొహం. వీధి కుళాయి దగ్గర ఎవరో తెలీని మనుషులు పళ్ళు తోముకుంటూ ఎండకేసి చూస్తుండేవాళ్ళు. ఎదురింటావిడ చనిపోయిన అక్క కూతురు, పుట్టకుండానే పోయిన పిల్ల, జడ వేయించుకుంటూ కనిపించింది. దర్జీ అమ్మాయి రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయేది. బుధవారం సాయంత్రం లోపలికొచ్చింది.

"వెయ్యనా?" అని అడిగింది గంజక్క కలం పట్టుకుని.

"వద్దక్కా," అంది దర్జీ అమ్మాయి. "రెండు మంచాలు వెయ్యడానికి మా ఇల్లు చాలదు." అని ఆ ఉప్పు దుప్పటిలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చి, చిరిగిన అంచు చక్కగా కుట్టిచ్చి పోయింది.

ఇదంతా మడతాయన ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాడు. ఊళ్ళోవాళ్ళందరి బిడ్డలూ ఇళ్ళకు చేరుతున్నారు, నా బిడ్డ నెత్తిన హోటలంతా కూలబోతోంది. ఆవిడకి చెప్పనా? అని వందసార్లు అనుకున్నాడు. లేని గుర్తు ఇవాళ పుట్టించి వేస్తే అది పనిచేస్తుందో లేదో. ఇది ఆశపడి, రాత్రంతా వాకిలి చూసి, పొద్దున ఎవరూ రాకపోతే? ఒకసారి పోగొట్టుకున్న పిల్లని రెండోసారి పోగొట్టుకుంటుంది. నేనే చూసుకుంటాను, వస్తే అప్పుడే పిలిచి చూపిస్తాను, రాకపోతే దీనికి తెలియనే తెలియదు. అలా గుండె రాయి చేసుకున్నాడు. మంచికే అనుకున్నాడు పాపం.

గురువారం మధ్యాహ్నం ఆవిడ గంజి కాచడానికి పెరట్లోకి పోయినప్పుడు సిరాబుడ్డి దగ్గరకు లాక్కున్నాడు. ఏం గుర్తు వెయ్యాలి? ఎన్నో ఇళ్ళకి వేసిన చెయ్యి, తన ఇంటికనేసరికి ఆడలేదు. చివరికి రెండు నిలువు గీతలు గీసి, పైన అడ్డంగా ఒకటి గీశాడు. వాకిలి. కుడిపక్క గీత వంకర పోయింది. అడుగునుంచి రెండో దుప్పటి మూల మీద ముందు వేశాడు. ఒక్క దానికి వేస్తే ఇల్లెలా గుర్తుపడుతుంది, ఇంట్లో బట్టలకీ ఉండాలి కదా. తన చొక్కాలకు వేశాడు, తువ్వాళ్ళకు వేశాడు, దిండు గలీబులకు వేశాడు. ఆవిడ బట్టల జోలికి మాత్రం పోలేదు. చూస్తే అడుగుతుంది.

ఆ సాయంత్రం గంజక్క ఎన్నడూ లేంది ఆయన పక్కన కూర్చుని అన్నం పెట్టింది. ఆవిడ వేళ్ళ సిరా ఇంకా తడిగానే ఉంది, పళ్ళెం అంచుకి అంటుకుంది. ఇవాళ కూడా ఎవరివో వేసిందనుకున్నాడు.

"రేపట్నుంచి కాలర్లు మాడ్చకు," అంది.

"మాడ్చనులే."

"గంజి పల్చగా కాచుకోవాలి. నువ్వు చిక్కగా కాస్తావు, ఉండలు కడుతుంది."

"నువ్వున్నావుగా కాయడానికి," అన్నాడాయన నవ్వుతూ. రేపటి సంగతి కడుపులో పెట్టుకున్నాడేమో, ఆయనకి లోపల్లోపల పండగలా ఉంది. ఇంకో ముద్ద పెట్టమని అడిగి మరీ తిన్నాడు. ఆవిడ తన బూడిదరంగు రగ్గు కప్పుకుని అటు తిరిగి పడుకుంది.

తెల్లవారింది. పక్కన ఆవిడ లేదు. ఎప్పుడూ ఆవిడే ముందు లేస్తుంది కాబట్టి ఆయన పట్టించుకోలేదు. కాళ్ళు నేల మీద ఆనడం లేదు, ఒక్క గంతులో లాండ్రీలోకి వచ్చిపడ్డాడు.

ఇస్త్రీ బల్ల పక్కన ముక్కాలిపీట మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. తడిజుట్టు, భుజాల చుట్టూ తెల్లదుప్పటి. పెళ్ళీడు పిల్ల. గంజక్క నుదురు, గంజక్క చెవులు. ఆయన గడ్డం. పోలిక వెతకాల్సిన పనే లేదు.

"ఇది ఈ ఇల్లేనాండీ?" అని దుప్పటి మూల చూపించింది. "బయట తాడు మీద ఆరేసిన చొక్కాకి ఇదే గుర్తుంటే లోపలికొచ్చాను."

మడతాయన తన గీత గుర్తుపట్టాడు. తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. తర్వాత పెరటివైపు తిరిగి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "ఏమే! ఒకసారి ఇటురా! ఎవరొచ్చారో చూడు, చేతిలో పని అక్కడ పారేసి రా!"

ఉలుకూ పలుకూ లేదు.

"తొట్టి దగ్గరుంటుంది. నీళ్ళ చప్పుడులో వినపడదు," అన్నాడు ఆ పిల్లతో.

నీళ్ళ చప్పుడు లేదు. ఆ పిల్ల తల వంచుకుంది.

"బూడిదరంగు రగ్గు కప్పుకున్నావిడేనా?" అని మెల్లగా అడిగింది. "మెట్ల మీద ఎదురైంది. నేను దిగుతున్నాను, ఆవిడ ఎక్కుతోంది. మూడో అంతస్తులో వెనకగది ఎటమ్మా అని అడిగింది. అది నా గదేనండీ, ఇప్పుడే ఖాళీ చేశాను, అన్నాను. అంతే, అక్కడే మెట్టు మీద కూలబడిపోయింది."

మడతాయన బల్ల పట్టుకున్నాడు.

"నా మొహం రెండు చేతుల్తో పట్టుకుని చూసింది. ఎక్కడికి పోతున్నావంది. ఈ గుర్తున్న ఇంటికి అని చూపించాను. ఆ గుర్తు వేలితో తడిమి చూసి నవ్వింది. 'మీ నాన్న గీత ఏనాడు తిన్నగా గీశాడు కనక' అంది. నాతో వచ్చెయ్యమని చెయ్యి పట్టుకుని లాగాను. రెండు మెట్లు దిగింది కూడా. మూడో మెట్టు ఆవిడ కాలికి అందలేదండీ. నా కాలి కిందుంది, ఆవిడకి లేదు. రగ్గు మీద ఆవిడే వేసుకున్న మెట్టు గుర్తుంది కదా, దిగనివ్వదు. ఎంత లాగినా..." ఆ పిల్ల దుప్పటి దగ్గరగా లాక్కుంది. "చివరికి చెయ్యి ఆవిడే విడిపించుకుంది. 'పో, ఆయన లేచే వేళయింది' అని పంపేసింది."

ఆయన ఒక్క అంగలో అలమర దగ్గరకెళ్ళి తలుపులు బార్లా తీశాడు. దొంతర మధ్యలో, ఇంతకాలం ఎవరూ పడుకోని దుప్పటి ఒకటి నలిగి వెచ్చగా ఉంది. గంజి వాసన. ఆవిడ చేతుల వాసన. దాన్ని బల్ల మీద పరిచి, సిరాబుడ్డి వొలికించుకుంటూ మూల మీద వాకిలి గుర్తు వేశాడు. ఇది ఇక్కడుంటే రేపు తెల్లారేసరికి ఆవిడ ఇంట్లో ఉంటుంది. ఒక్క రాత్రి. ఒక్క రాత్రి ఆ హోటల్ నిలబడితే చాలు.

చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. వీధి చివర తాడు కట్టి ఉంది. దాని కింద దూరిపోతుంటే కూల్చే పని చూస్తున్న మేస్త్రీ పట్టుకుని ఆపాడు.

"బాబాయ్, బాబాయ్! ఎక్కడికి? మందు పెట్టేశాం."

"మా ఆవిడ పైనుంది. మూడో అంతస్తు, వెనకగది."

ఆ మేస్త్రీ ఈ వీధివాడే. పిచ్చిగా మాట్లాడకు అనలేదు. "ఎప్పుడు దిగింది?" అని అడిగాడు.

"రాత్రి. ఒక్కరోజు ఆపు నాయనా. గుర్తు వేసేశాను. రేపు పొద్దున్నే నువ్వేం చేసుకున్నా అడగను. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళెందుకు బాబాయ్," అని మేస్త్రీ కళ్ళు తుడుచుకున్నాడు. "స్తంభాలన్నీ తొలిచి మందు కూరాం. ఒత్తులు కలిపేశాం. ఇప్పుడు తీస్తే తీసేవాళ్ళ చేతుల్లో పేలుతుంది. నా మనుషులు పన్నెండుమంది. ఎవర్ని పంపమంటావు చెప్పు."

ఎవర్ని పంపమంటాడు?

మేస్త్రీ ఆయన్ని తాడు దాకా రానిచ్చాడు. మడతాయన అక్కడ నిలబడి మూడో అంతస్తు కేసి ఎలుగెత్తి పిలిచాడు. ఇన్నేళ్ళలో ఏమే, ఇదిగో అని తప్ప పిలిచినవాడు కాడు, ఇవాళ పేరు పెట్టి పిలిచాడు. లిఫ్టు గుంటలోంచి పావురాలు లేచిపోయాయి. గదుల్లో ఎవరూ కనిపించలేదు, వాళ్ళెప్పుడూ కనిపించరు. "నీకు చెప్పి ఉండాల్సిందే! చెప్పి చావలేదే నేను!" అని అరిచాడు. మేస్త్రీ ఆయన భుజాల చుట్టూ చెయ్యి వేసి వెనక్కి నడిపించాడు.

"పూర్తికాని హోటళ్ళు లోకంలో ఇదొక్కటేనా బాబాయ్," అన్నాడు. "ఇంకోచోట దిగుతార్లే." ఆ మాట వాడికే నమ్మకంగా లేదు.

సైరన్ మోగింది. హోటల్ మోకాళ్ళ మీద కూర్చుండిపోయినట్టు కిందికి జారి, ఉన్నచోటే కుప్పయింది. ఇంత చప్పుడు చేస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఆయన ఇంటికొచ్చేసరికి వీధంతా తెల్లటి దుమ్ము. ఆ పిల్ల అలమర ముందు నిలబడి ఉంది. ఆయన దొంతరలో చెయ్యి పెట్టాడు. పైనుంచి కిందదాకా ప్రతి మడతా తిన్నగా, చల్లగా ఉంది. బల్ల మీద పరిచిన దుప్పటి ముడతలు కూడా వాటంతటవే పోయి, లారీలోంచి అప్పుడే దింపినట్టు నున్నగా ఉంది. మూల మీద వాకిలి గుర్తొక్కటే మిగిలింది. దాన్ని మొహానికి ఆనించుకుని, వీధిలో అందరికీ వినపడేలా ఏడ్చాడు. ఆ పిల్ల దూరంగా నిలబడి, దగ్గరకు రావచ్చో లేదో తెలియక, దుప్పటి అంచు వేళ్ళకు చుట్టుకుంటూ ఉండిపోయింది.

మధ్యాహ్నానికి దుమ్ము సద్దుమణిగింది. పెరట్లో తాళ్ళ మీద ఊరందరి బట్టలూ బూడిదరంగుకి తిరిగాయి. నిన్న గంజక్క ఉతికి ఆరేసినవి. ఆ పిల్ల గంప తీసుకుని, ఒక చొక్కా తాడు మీంచి లాగి విదిలించబోయింది.

"దులపకు," అన్నాడు మడతాయన.

ఆ పిల్ల ఆగిపోయింది. ఆయన వచ్చి ఆ చొక్కాని అలాగే, దుమ్ము పోకుండా, మడతపెట్టాడు. ఇద్దరూ కలిసి అన్నీ అలాగే మడిచారు. సాయంత్రం ఇళ్ళవాళ్ళొచ్చి ఎవరి బట్టలు వాళ్ళు తీసుకుపోయారు. చేతులకు దుమ్ము అంటుతున్నా ఒక్కరూ ఇదేంటని అడగలేదు. దర్జీ అమ్మాయి తనవాటిని గుండెకు హత్తుకుని పట్టుకెళ్ళింది.

పొద్దు వాలుతుండగా ఆ పిల్ల పొయ్యి వెలిగించి గంజి కాచింది. చిక్కగా అయింది. ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు.

"నన్నేమని పిలుస్తారండీ?" అని అడిగింది. "అక్కడ గది నంబరుతో పిలిచేవాళ్ళు."

"నాకు తెలీదమ్మా," అన్నాడు మడతాయన. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఒకనాడు మీ అమ్మ తొట్టి దగ్గర బట్టలు పిండుతూ, పాపకో పేరు అనుకున్నానయ్యా, చెప్పనా అంది. పనిలో ఉన్నాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టకముందే పేరేంటే, ముందు పుట్టనివ్వు అని ఎగతాళి చేశాను. నవ్వి ఊరుకుంది. ఆ తర్వాత అది చెప్పలేదు, నేను అడగలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదమ్మా."

"నేనడిగాను," అంది ఆ పిల్ల. "మెట్ల మీద. నా పేరేంటని."

ఆయన తలెత్తాడు.

"చెప్పింది."

ఆ పిల్ల ఆ పేరు చెప్పింది. అది వాళ్ళింటి మాట, మనకెందుకు. మడతాయన పెదాలతో ఒకసారి అనుకున్నాడు, పైకి రాలేదు. రెండోసారి గొణిగినట్టు అన్నాడు. మూడోసారి, పక్కనే కూర్చున్న పిల్లని పెరటి అవతలనున్న మనిషిని పిలిచినంత గట్టిగా, ఆ పేరుతో పిలిచాడు.

"ఆ," అని పలికింది.